ఐసీయూలో షుగర్ టార్గెట్: 110–140 షీట్ మీ దగ్గర నడుస్తోందా?

నైట్‌డ్యూటీ (స్టాఫ్ నర్స్, మిక్స్‌డ్ ఐసీయూ)
అందరికీ నమస్తే. మా యూనిట్‌లో ఇన్నాళ్ళూ షుగర్ 180 దాటితే ఇన్సులిన్ డ్రిప్ మొదలుపెట్టి 140–180 మధ్య ఉంచేవాళ్ళం. ఈ నెల కొత్త షీట్ అంటించారు. 150 దాటగానే డ్రిప్, టార్గెట్ 110–140. కుదురుకునేదాకా గంటకోసారి జీఆర్‌బీఎస్ (వేలు పొడిచి చూసే షుగర్). పగలు ఎలాగో నెట్టుకొస్తున్నాం. రాత్రి ఒక్కొక్కరికి ఇద్దరు పేషెంట్లు, ఎవరైనా సెలవు పెడితే ముగ్గురు. ఒకరికి సక్షన్ (కఫం లాగడం) చేస్తుండగానే ఇంకొకరి షుగర్ టైమ్ దాటిపోతోంది. షీట్ మీద నాకేం కోపం లేదు, పేషెంట్‌కి మంచిదైతే చేస్తాం. కానీ వెంటిలేటర్ మీద సెడేషన్‌లో ఉన్న మనిషికి షుగర్ 50కి పడిపోతే మనకెలా తెలుస్తుంది? వణుకు ఉండదు, గాబరా ఉండదు, నోరు తెరిచి చెప్పలేడు. రాత్రంతా అదే టెన్షన్. మీ దగ్గర ఎంతలో ఉంచుతున్నారు? డాక్టర్లు, సిస్టర్లు, ల్యాబ్ వాళ్ళు ఎవరైనా చెప్పండి.

పీప్‌ఐదు (క్రిటికల్ కేర్ డాక్టర్)
సిస్టర్, ఈ గొడవకి పాతికేళ్ళ చరిత్ర ఉంది. 2001లో బెల్జియంలోని లువెన్ నుంచి ఒక ట్రయల్ వచ్చింది. సర్జికల్ ఐసీయూలో 1548 మంది. సగం మందికి షుగర్ 80–110లో బిగించి ఉంచారు, మిగతా సగానికి 215 దాటితేనే ఇన్సులిన్. ఐసీయూలో మరణాలు 8 శాతం నుంచి 4.6 శాతానికి తగ్గాయి. అది చూసి చాలాచోట్ల 110 లోపు అని చార్టులు మార్చేశారు. అదే బృందం 2006లో మెడికల్ ఐసీయూలో 1200 మందితో మళ్ళీ చేస్తే మొత్తం మీద మరణాలు చెప్పుకోదగ్గంత తగ్గలేదు, హైపోలు (షుగర్ మరీ పడిపోవడం) మాత్రం బాగా పెరిగాయి. జర్మనీలో సెప్సిస్ పేషెంట్ల మీద చేసిన ట్రయల్‌లో బిగింపు భాగాన్ని హైపోల వల్లే మధ్యలో ఆపేశారు.

2009లో నైస్ షుగర్ అనే పెద్ద ట్రయల్ వచ్చింది. 6104 మంది. 81–108 ఒక వైపు, 180 లేదా అంతకంటే తక్కువ మరో వైపు. 90 రోజుల్లో మరణాలు బిగించిన వైపు 27.5 శాతం, వదులుగా ఉంచిన వైపు 24.9. 40 లేదా అంతకంటే కిందికి పడిపోయినవాళ్ళు 6.8 శాతం, అవతల 0.5. అప్పటి నుంచి చాలా గైడ్‌లైన్లు 180 దగ్గర మొదలుపెట్టు, 140–180లో ఉంచు అనే చెబుతున్నాయి. సెప్సిస్ గైడ్‌లైన్ 144–180 అంటుంది, తేడా ఏమీ లేదు.

కాబట్టి మిక్స్‌డ్ ఐసీయూలో అందరికీ 110–140 పెట్టడం నాకైతే నచ్చలేదు.

స్టెర్నమ్‌వైర్ (కార్డియాక్ అనస్థీషియా)
పీప్‌ఐదు సార్, కథలో ఒక ముక్క వదిలేశారు. లువెన్‌లో మొదటి ట్రయల్‌లో ఎక్కువమంది గుండె ఆపరేషన్ అయినవాళ్ళు. చేరిన రోజే వాళ్ళకి ఐవీలో 200–300 గ్రాముల గ్లూకోజ్ ఇచ్చారు. అంత గ్లూకోజ్ పోస్తుంటే ఇన్సులిన్ బిగింపు పనికొచ్చి ఉండొచ్చు. 2023లో ఆ బృందమే తొలిరోజుల్లో ఐవీ ఫీడింగ్ లేకుండా 9230 మందితో చేసింది. ఇన్సులిన్ డోసు కంప్యూటర్ లెక్కగట్టింది. ఐసీయూలో ఉన్న రోజుల్లో తేడా లేదు, మరణాల్లో తేడా లేదు. కానీ గమనించండి, తీవ్రమైన హైపో బిగించిన వైపు 1 శాతం, వదులుగా ఉంచిన వైపు 0.7 శాతం, అంతే. అంటే లెక్క సరిగ్గా కుదిరితే బిగింపులో ప్రమాదం పెద్దగా లేదు.

110–140 ఎవరో గాలిలోంచి తీసిన అంకె కాదు. హైపో లేకుండా చేయగలిగితే ఎంపిక చేసిన పేషెంట్లకి అలా ఉంచొచ్చని అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ కూడా అంటుంది. మా బైపాస్ పేషెంట్లకి మేం అలాగే ఉంచుతాం. ఛాతీ కోత దగ్గర చీము పట్టిన కేసు ఒక్కటి చూస్తే షుగర్ 200లో ఎవరూ వదిలేయరు.

పీప్‌ఐదు
ఒప్పుకుంటాను. కానీ మీరన్న వాక్యంలో బరువంతా 'చేయగలిగితే' అన్న మాట మీదే ఉంది. 2023లో కంప్యూటర్ చెప్పింది, పక్కన మనుషులు ఉన్నారు. ఇక్కడ సిస్టర్‌కి ముగ్గురు పేషెంట్లు, గోడ మీద ఒక కాగితం. మీ అంకె తెచ్చుకున్నారు, మీ స్టాఫ్‌ని తెచ్చుకోలేదు.

స్టెర్నమ్‌వైర్
అది మాత్రం నిజమే. మా దగ్గర మొదటి రాత్రి ఒక పేషెంట్‌కి ఒక నర్స్.

ల్యాబ్‌కిటికీ (బయోకెమిస్ట్రీ టెక్నీషియన్)
టార్గెట్ సంగతి మీరు తేల్చుకోండి. ముందు ఆ అంకె ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. షాక్‌లో ఉండి, నారడ్ (బీపీ నిలబెట్టే మందు) మీద, చేతులు చల్లగా, వాచి ఉన్న పేషెంట్‌కి వేలు పొడిచి తీసిన షుగర్‌ని నమ్మొద్దు. అక్కడ రక్తం సరిగ్గా ఆడదు. ఆర్టీరియల్ లైన్ (ధమనిలో పెట్టిన గొట్టం) ఉంటే అందులోంచి తీసి ఏబీజీ (రక్తంలో వాయువులు చూసే) మెషీన్‌లో చూడండి.

ఇంకొకటి. హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల పాలు) తక్కువ ఉంటే చాలా మీటర్లు షుగర్‌ని ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తాయి. ఐసీయూలో సగం మందికి రక్తం తక్కువే. అంటే మీటర్‌లో 120 కనిపించినప్పుడు అసలు షుగర్ 100 ఉండొచ్చు. 140–180 టార్గెట్‌లో ఈ తేడా పెద్దగా దెబ్బకొట్టదు, 110–140లో కొడుతుంది. విటమిన్ సీ ఐవీలో పెద్ద డోసులు ఇస్తున్న పేషెంట్లకి కొన్ని మీటర్లు దొంగ అంకెలు చూపిస్తాయి, అవీ ఎక్కువ వైపే. ఐకోడెక్స్ట్రిన్ అనే ద్రవంతో పెరిటోనియల్ (పొట్టలో ద్రవం నింపి చేసే) డయాలసిస్ చేయించుకునేవాళ్ళకి కొన్ని రకాల స్ట్రిప్పులు అస్సలు వాడకూడదు. మీ మీటర్ ఏ రకమో ఒకసారి ప్యాకెట్ మీద చదవండి, చాలామంది చదవరు.

ఫస్ట్‌ఇయర్‌రెసిడెంట్
ఆర్టీరియల్ లైన్‌లో తీస్తే ఇంక ఫర్వాలేదు కదా?

ల్యాబ్‌కిటికీ
ఫర్వా ఉంది డాక్టర్. ఆ లైన్ మూసుకుపోకుండా తగిలించే ప్రెషర్ బ్యాగ్‌లో ఏం వేలాడుతోందో చూశారా? సెలైన్ బదులు పొరపాటున డెక్స్‌ట్రోస్ తగిలిస్తే శాంపిల్‌లో అదే కలుస్తుంది. అసలు షుగర్ 60 ఉన్నా మెషీన్ 300 చూపిస్తుంది, మీరు ఇన్సులిన్ పెంచుతారు, మళ్ళీ 300 వస్తుంది, మళ్ళీ పెంచుతారు. ఇలా ప్రాణాలు పోయిన కేసులు వేరే దేశాల్లో నమోదయ్యాయి, దాని మీద హెచ్చరికలూ వచ్చాయి. సెంట్రల్ లైన్‌లో (పెద్ద సిరలో పెట్టిన గొట్టం) ఒక లూమెన్‌లో, అంటే ఒక దారిలో, డెక్స్‌ట్రోస్ ఎక్కుతుంటే పక్క లూమెన్‌లోంచి తీసినా ఇదే గొడవ. ఇన్సులిన్ పెంచే కొద్దీ షుగర్ దిగకుండా మొండికేస్తే, పెంచడం ఆపి శాంపిల్ వేరే చోట నుంచి తీయండి.

ఫస్ట్‌ఇయర్‌రెసిడెంట్
థ్యాంక్స్ అండీ. ఇవాళ్టి రౌండ్స్‌లో అన్ని బ్యాగులూ తిప్పి చూస్తాను.

పాతకాపు (ఐసీయూ సిస్టర్ ఇన్‌చార్జ్)
చాలా పెద్ద మాటలు నడుస్తున్నాయి, బాగుంది. నేను చూసిన హైపోలలో ఎక్కువ టార్గెట్ వల్ల రాలేదు. ఫీడ్ ఆగింది, ఇన్సులిన్ ఆగలేదు. అంతే.

ఎలా జరుగుతుందో చెప్తాను. రైల్స్ ట్యూబ్‌లో (ముక్కు నుంచి కడుపులోకి వేసే గొట్టం) ఫీడ్ గంటకి 60 ఎంఎల్ వెళ్తోంది, ఇన్సులిన్ పంపు గంటకి 3 యూనిట్లు. షుగర్ 150, అందరూ హ్యాపీ. ఇంతలో సీటీకి పిలుపు. ట్రాన్స్‌పోర్ట్‌కి ఫీడ్ ఆపుతారు, కడుపు ఖాళీ చేస్తారు. పంపు మాత్రం పేషెంట్‌తో పాటే లిఫ్ట్ ఎక్కుతుంది. సీటీ దగ్గర క్యూ. అక్కడ గ్లూకోమీటర్ ఉండదు. తిరిగొచ్చేసరికి గంటన్నర. హ్యాండోవర్‌లో వెంటిలేటర్ సెట్టింగులు చెప్పుకుంటారు, నారడ్ డోసు చెప్పుకుంటారు, ఫీడ్ ఎప్పుడు ఆపారో ఎవరూ చెప్పరు. ట్రకియోస్టమీకి (గొంతు దగ్గర రంధ్రం చేసి గొట్టం పెట్టడం) ఆరు గంటలు నోటికేమీ ఇవ్వొద్దన్నప్పుడూ ఇదే. ట్యూబ్ బయటికొచ్చేసి ఎక్స్‌రే కోసం ఎదురుచూస్తున్నప్పుడూ ఇదే. వాంతి అయిందని ఫీడ్ సగానికి తగ్గిస్తారు, ఇన్సులిన్ సగానికి తగ్గదు.

నైట్‌డ్యూటీ, మీ షీట్‌లో 'ఫీడ్ ఆపితే ఏం చేయాలి' అన్న గడి ఉందా? లేకపోతే 110 అయినా 180 అయినా ఒకటే. మా దగ్గర రూల్ ఇది. ఫీడ్ ఆపిన చేయే పంపు ఆపుతుంది. డాక్టర్‌ని తర్వాత అడుగుతాం. టైప్ 1 పేషెంట్, డీకేఏ (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లు పేరుకుని ఆమ్లం పెరగడం) పేషెంట్ మాత్రం వేరు. వాళ్ళకి ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు, డెక్స్‌ట్రోస్ తగిలించి డోసు తగ్గించి నడపాలి, అది డాక్టర్ చెప్పి తీరాలి. అందుకే వాళ్ళ మంచానికి వేరే రంగు బోర్డు. ఫీడ్ పంపు, ఇన్సులిన్ పంపు ఒకే స్టాండ్‌కి పైనా కిందా తగిలిస్తాం. ఒకటి ఆపుతుంటే రెండోది కళ్ళ ముందే ఉండాలి.

రెండోది, ఐవీ ఇన్సులిన్ రక్తంలో కొన్ని నిమిషాలే ఉంటుంది. పంపు ఆపితే దాని పని త్వరగానే తగ్గుతుంది, భయపడక్కర్లేదు. 70 కిందికి వచ్చిందా, పంపు ఆపు, 25 శాతం డెక్స్‌ట్రోస్ ఇవ్వు, 15 నిమిషాల్లో మళ్ళీ చూడు. ఆ రెండో చూపు చాలామంది మర్చిపోతారు.

నైట్‌డ్యూటీ
ఉందో లేదో ఇప్పుడే చూశాను మేడమ్. లేదు. ఫీడ్ అన్న మాటే లేదు.

పాతకాపు
అనుకున్నాను.

ఫీడ్‌చార్ట్ (డైటీషియన్)
పాతకాపు మేడమ్ చెప్పినదానికి నా వైపు నుంచి ఒకటి. మేం ఫీడ్ మార్చినప్పుడు ఆర్డర్ షీట్‌లో రాస్తాం, నర్స్‌కి నోటితో చెప్పం. ఆగకుండా నడిచే ఫీడ్‌ని రోజుకి ఆరుసార్లు ఒక్కసారిగా ఇచ్చే బోలస్ ఫీడ్‌గా మార్చితే షుగర్ గ్రాఫ్ రంపంలా తయారవుతుంది. దానికి డ్రిప్ సరిపడదు. రేటు మార్చే ముందు బెడ్ నర్స్‌కి చెప్పడం ఇప్పుడు అలవాటు చేసుకున్నాం. ఇంకో సంగతి, షుగర్ ఎక్కువ ఉందని ఫీడ్ తగ్గించమని కొందరు డాక్టర్లు అడుగుతారు. తిండి తగ్గించి షుగర్ దించడం ఐసీయూలో వైద్యం కాదండీ. పోస్తున్నది అవసరానికి మించి ఉందేమో చూస్తాం, లేకపోతే ఇన్సులిన్‌తోనే చూసుకోవాలి.

మందుల‌లెక్క (క్లినికల్ ఫార్మసిస్ట్)
ఫీడ్ ఒక్కటే కాదు, చార్ట్‌లో కనపడని గ్లూకోజ్ కూడా ఉంటుంది. గుండె లయకి ఇచ్చే అమియోడరోన్ 5 శాతం డెక్స్‌ట్రోస్‌లోనే కలుపుతారు. రోజుకి 500 ఎంఎల్ అంటే 25 గ్రాముల గ్లూకోజ్. యాంటీబయాటిక్స్ కొన్ని డెక్స్‌ట్రోస్‌లో కలిపి వస్తాయి, సెలైన్‌లోకి మార్చుకోవచ్చేమో అడగండి, చాలావాటికి కుదురుతుంది. ఇంక హైడ్రోకార్టిజోన్ అనే స్టెరాయిడ్. ఆరు గంటలకోసారి 50 మిల్లీగ్రాములు బోలస్ ఇస్తే ప్రతి డోసుకీ షుగర్ ఎగిరి పడుతుంది. అదే 200 మిల్లీగ్రాములు రోజంతా ఇన్‌ఫ్యూజన్‌గా ఇస్తే గ్రాఫ్ కాస్త సమంగా ఉంటుంది. స్టెరాయిడ్ ఆపిన రోజు ఇన్సులిన్ అవసరం పడిపోతుంది, ఆ రోజు ఎవరూ పంపు వైపు చూడరు.

డ్రిప్ కలపడంలో కూడా ఒక చిన్న విషయం. 50 ఎంఎల్ సెలైన్‌లో 50 యూనిట్లు రెగ్యులర్ ఇన్సులిన్, ఎంఎల్‌కి ఒక యూనిట్. కొత్త ట్యూబింగ్‌కి ఇన్సులిన్ అంటుకుంటుంది. 20 ఎంఎల్ ట్యూబ్‌లోంచి వదిలేసి అప్పుడు పేషెంట్‌కి కలపమని చెబుతారు. అలా చేయకపోతే మొదటి గంటల్లో పేషెంట్‌కి అందేది తక్కువ, రేటు పెంచుతూ పోతాం, ట్యూబ్ తాగడం అయిపోయాక ఒక్కసారిగా పడిపోతుంది. 40 యూనిట్ల సీసా, 100 యూనిట్ల సీసా రెండూ ఒకే ఫ్రిజ్‌లో ఉన్న చోట సిరంజీ రంగు చూసి లాగండి. 100 సీసాలోంచి 40 సిరంజీతో తీస్తే రెండున్నర రెట్లు వెళ్తుంది.

ఫస్ట్‌ఇయర్‌రెసిడెంట్
ఇంత హంగామా ఎందుకు, ఆరు గంటలకోసారి చూసి స్లైడింగ్ స్కేల్ (అప్పటి షుగర్‌ని బట్టి డోసు) ప్రకారం చర్మం కింద వేసేస్తే పోదా? వార్డులో అదే కదా నడుస్తోంది.

పీప్‌ఐదు
వార్డులో కూడా ఒంటరి స్లైడింగ్ స్కేల్ వద్దనే అంటున్నారు. అది షుగర్ పెరిగాక దాని వెనక పరిగెత్తడం. ఐసీయూలో ఇంకో చిక్కు ఉంది. షాక్‌లో చర్మం కింద వేసిన ఇన్సులిన్ ఎప్పుడు రక్తంలోకి వెళ్తుందో తెలియదు. మధ్యాహ్నం వేసింది అక్కడే పడుండి, సాయంత్రం బీపీ కుదుటపడ్డాక ఒక్కసారిగా ఎక్కుతుంది. డ్రిప్ అయితే వేసిన వెంటనే పనిచేస్తుంది, ఆపితే ఆగుతుంది. గంటకోసారి చూడాల్సి రావడం దానికి చెల్లించే ధర.

డయాలసిస్‌డెస్క్ (నెఫ్రాలజీ రిజిస్ట్రార్)
ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తాను. కిడ్నీ పనిచేయనివాళ్ళలో ఇన్సులిన్ శరీరంలోంచి త్వరగా పోదు. పొటాషియం ఎక్కువైనప్పుడు 10 యూనిట్లు, 25 గ్రాముల డెక్స్‌ట్రోస్ ఇస్తాం కదా. డెక్స్‌ట్రోస్ అరగంట గంటలో ఖర్చయిపోతుంది, ఇన్సులిన్ ఇంకా గంటలు పనిచేస్తూనే ఉంటుంది. హైపో వచ్చేది అప్పుడు, అందరూ పొటాషియం రిపోర్ట్ కోసం ఎదురుచూస్తున్నప్పుడు. మేం ఆరు గంటల దాకా గంటకోసారి షుగర్ రాయిస్తాం. ఇది షుగర్ ప్రోటోకాల్‌లో ఉండదు, పొటాషియం షీట్‌లో ఉంటుంది, అందుకే మిస్ అవుతుంది.

దీనికి తిరగేసి ఇంకోటి. ఇన్సులిన్ డ్రిప్ నడుస్తున్నంతసేపూ పొటాషియం కణాల్లోకి పోతుంటుంది. డీకేఏలో పొటాషియం ఇప్పటికే బాగా తక్కువ ఉంటే ముందు దాన్ని నింపి ఆ తర్వాతే ఇన్సులిన్.

స్టెర్నమ్‌వైర్
డీకేఏ మాట వచ్చింది కాబట్టి, ఎస్‌జీఎల్‌టీ2 మందుల (షుగర్‌ని మూత్రంలోకి పంపే డయాబెటిస్ మాత్రలు) మీద ఉన్న పేషెంట్లు ఆపరేషన్ అయ్యాక షుగర్ 160 చూపిస్తూనే కీటోన్లతో ఎసిడోసిస్‌లోకి వెళ్తారు. షుగర్ టార్గెట్‌లోనే ఉందని మురిసిపోయి వదిలేస్తే అంతే. బైకార్బనేట్ పడిపోతూ కారణం కనపడకపోతే కీటోన్లు చూడండి. అలాంటివాళ్ళకి ఇన్సులిన్, దానితో పాటే డెక్స్‌ట్రోస్ రెండూ కావాలి.

వీకెండ్‌కన్సల్ట్ (ఎండోక్రైనాలజీ)
ఆలస్యంగా వచ్చాను. అందరికీ ఒకే అంకె అన్నదే నాకు ఇబ్బంది. హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చూపే టెస్ట్) 10 ఉన్న మనిషి శరీరం ఏళ్ళ తరబడి 250కి అలవాటు పడింది. ఆయన్ని 120కి దించితే ఆయనకది హైపో లాగే ఉండొచ్చు. అలా వదులుగా 180–252లో ఉంచి చూసిన ట్రయల్ ఒకటి ఉంది, టైప్ 2 పేషెంట్ల మీద. హైపోలు బాగా తగ్గాయి. మరణాల్లో తేడా తేలలేదు, అంకెలు మాత్రం వదులుగా ఉంచిన వైపే కొంచెం ఎక్కువ. కాబట్టి నేను ఆ దారిలో గట్టిగా నడవమని చెప్పను. కానీ ఇలాంటివాళ్ళకి 110–140 మాత్రం వద్దు. హెచ్‌బీఏ1సీ చేరిన రోజే, రక్తం ఎక్కించక ముందే పంపండి. ఎక్కించాక వచ్చిన అంకె దేనికీ పనికిరాదు.

రిలీఫ్‌సిస్టర్
మీరంతా ఒప్పుకుంటే ఒక మాట. షుగర్ ఎప్పుడూ లేని పేషెంట్‌కి ఇన్సులిన్ పెడితే ఇంట్లోవాళ్ళు గొడవ చేస్తారు. 'మావాడికి షుగర్ లేదు, మీరే తెప్పించారు' అంటారు. ఏం చెప్పాలో తెలియక తల వంచుకుని వస్తాను.

వీకెండ్‌కన్సల్ట్
తల వంచుకోకండి సిస్టర్. ఇలా చెప్పండి. 'పెద్ద జబ్బు చేసినప్పుడు శరీరం అడ్రినలిన్, కార్టిజాల్ లాంటి హార్మోన్లు వదులుతుంది, లివర్ గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది, ఇన్సులిన్ మాట వినదు. జబ్బు తగ్గితే చాలామందికి ఇదీ తగ్గుతుంది. డిశ్చార్జ్ అయ్యాక ఒకసారి షుగర్ టెస్ట్ చేయించుకోండి.' ఆఖరి వాక్యం మర్చిపోవద్దు. వీళ్ళలో కొందరికి ముందు నుంచే షుగర్ ఉండి తెలియకుండా ఉంటుంది.

గ్యాడ్జెట్‌పిచ్చి (అనస్థీషియా టెక్నీషియన్)
చర్మానికి అంటించే సెన్సర్ పెడితే గంటకోసారి పొడవడం తప్పుతుంది కదా? కోవిడ్ టైమ్‌లో అమెరికాలో హాస్పిటళ్ళలో వాడనిచ్చారు.

ల్యాబ్‌కిటికీ
2020లో ఆ అత్యవసర పరిస్థితికి వాడనిచ్చారు, నిజమే. అది చూసేది రక్తం కాదు, కణాల మధ్య ద్రవం. షుగర్ వేగంగా మారుతున్నప్పుడు వెనకబడుతుంది, షాక్‌లో, వాపులో ఇంకా నమ్మకం తగ్గుతుంది. పడిపోతున్న ధోరణి చూపించడానికి పనికొస్తుంది. డోసు మార్చే ముందు రక్తంతో సరిచూడాలి.

నైట్‌డ్యూటీ
అందరికీ చాలా థ్యాంక్స్. ఈ చర్చ ప్రింట్ తీసి మా ఇన్‌చార్జ్‌కి చూపించాను. సోమవారం డాక్టర్లతో కూర్చుంటున్నాం. మేం అడగబోయేవి మూడు. గుండె ఆపరేషన్ వాళ్ళకి తప్ప మిగతావాళ్ళకి 140–180 ఉంచాలి, ఫీడ్ ఆపినప్పటి గడి షీట్‌లో చేర్చాలి, నారడ్ మీద ఉన్నవాళ్ళకి వేలు పొడవకుండా ఆర్టీరియల్ శాంపిల్ తీయాలి. స్టాఫ్ పెంచమని కూడా అడుగుతాం, దాని మీద ఆశ తక్కువ.

ఒక్క సందేహం మిగిలింది. డ్రిప్ నుంచి చర్మం కింద ఇన్సులిన్‌కి మార్చేటప్పుడు మా దగ్గర ఇంజెక్షన్ వేసి అప్పుడే పంపు తీసేస్తారు. సాయంత్రానికి షుగర్ 300. అది మామూలేనా?

వీకెండ్‌కన్సల్ట్
మామూలుగా జరుగుతోంది, జరగకూడదు. లాంగ్ యాక్టింగ్ ఇన్సులిన్ వేశాక అది పనిలోకి దిగడానికి సమయం పడుతుంది. ఇంజెక్షన్ వేసి, కనీసం రెండు గంటలు డ్రిప్ కూడా నడిపి, అప్పుడు ఆపండి. డోసుకి లెక్క: చివరి ఆరు గంటలు గంటకి 2 యూనిట్లు నిలకడగా వెళ్తే రోజుకి 48. అందులో 60–80 శాతం, అంటే 29 నుంచి 38 యూనిట్లు రోజు మొత్తానికి. దాన్ని బేసల్‌కీ (రోజంతా పనిచేసే ఇన్సులిన్) ఫీడ్‌కీ పంచాలి, ఆ పంపకం డాక్టర్ రాయాలి. నారడ్ ఇంకా నడుస్తుంటే, ఫీడ్ కుదురుకోకపోతే మార్చడమే వద్దు, డ్రిప్ మీదే ఉంచండి.

పాతకాపు
రాత్రి మార్చొద్దు. పొద్దున షిఫ్ట్‌లో, డైటీషియన్ ఉన్నప్పుడు మార్చండి. సోమవారం మీటింగ్‌లో ఇది నాలుగోదిగా రాసుకోండి. మీటింగ్ అయ్యాక షీట్ ఎలా తయారైందో ఇక్కడ పెట్టండి, మా వాళ్ళకీ కావాలి.